జాబ్ కార్డు మీద లేని జబ్బు

ఉద్యోగ విరమణ తర్వాత కొన్న కొత్త కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్లు మాకు దగ్గర్లో రెండుండేవి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకటి, ఎల్బీ నగర్‌లో ఒకటి. నేను దిల్‌సుఖ్‌నగర్‌కే వెళ్ళాను. ఎందుకో రాయాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. అక్కడి సూపర్‌వైజర్‌ది మా జిల్లా. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మేము పాలవాడి దగ్గర్నుంచి డాక్టరు దాకా మనవాడేనా అని చూసుకునేవాళ్ళం.

అతను నన్ను బాబాయ్ గారూ అని పిలిచి కాఫీ తెప్పించేవాడు. మూడుసార్లు కారు అప్పగించాను, బండి జబ్బేమిటో వాళ్ళు రాసే జాబ్ కార్డు మీద మూడుసార్లూ చదవకుండా సంతకం పెట్టాను. నలభై ఏళ్ళుగా రోజూ డైరీ రాసే మనిషిని!

అయినా కారు ఆగడం మానలేదు. మార్చి ఇమ్మని వినియోగదారుల ఫోరానికి వెళ్దామని ప్లీడరుకు ఆ జాబ్ కార్డులు చూపించాను.

"వీటి ప్రకారం మీ బండికి జబ్బే లేదండీ," అన్నారాయన.

మూడింటి మీదా 'జనరల్ చెకప్' అనే ఉంది.

"అలాగని బయట మెకానిక్‌తో విప్పించకండి, తప్పంతా మీ మీదకే తోస్తారు. కంపెనీ సెంటర్‌లోనే జబ్బు పేరు రాయించండి."

మళ్ళీ ఆగిన రోజు ఎల్బీ నగర్ వెళ్తానన్నాను.

"ఈ గొడవల్లో అక్కడికెందుకండీ, మనవాడున్నాడుగా," అంది మా ఆవిడ.

"మనవాడు ఉండబట్టే వెళ్తున్నాను."

అక్కడి సూపర్‌వైజర్ పక్కనున్న అల్మాస్‌గూడకు చెందిన తెలంగాణ మనిషి. నా మాట వినగానే యాస పట్టేశాడు.

"రోడ్డు మీద ఆగిందా సార్? మా రాస్తారోకోల ఇరుక్కున్నరేమో, జర యాది చేసుకోండ్రి."

"ఖాళీ రోడ్డు మీదే ఆగిందండి. ఆ మాటే రాయండి. రాసేదాకా కదలను."

"మీరు ఎట్ల చెప్తే గట్లనే రాస్త. చదువుకొని సంతకం పెట్టుండ్రి."

రాశాడు. రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. ఆ తర్వాత కారు ఎన్నిసార్లు ఆగినా అక్కడికే తీసుకెళ్ళాను. ప్రతి కార్డు మీదా 'నడుస్తూ ఆగిపోతోంది' అని పడింది.

సంగతి తెలిసి దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఫోనొచ్చింది.

"ఏంటి బాబాయ్ గారూ, వాళ్ళ దగ్గరికెళ్తున్నారట? మనలో మనకి రాతకోతలెందుకని నేను రాయలేదు గానీ..."

"రాశావు బాబూ. బండి బాగుందని రాశావు."

"కేసంటే మన పరువే పోతుందండీ."

"పోనీ. నువ్విచ్చిన మూడు కార్డులూ కూడా ఫోరంలో పెడుతున్నాను," అని ఫోన్ పెట్టేశాను.