పేరున్న ముక్క

మందుల చట్టం 1940లో వచ్చింది. దాని పుణ్యాన పుంగనూరులో నా ముక్కు విరిగేనాటికి అది పండు ముసలిది. నాకింకా ముప్పై నిండలేదు.

మదనపల్లెలో ఫార్మసీ చదివేటప్పుడు ఆ చరిత్ర అంతా బట్టీ పట్టాను. తెల్లదొరల కాలంలో సీసాలో ఏది పోసి అమ్మినా మందేనట. క్వినైన్ అని సుద్దపొడి కట్టబెట్టేవాళ్లట. జ్వరం తగ్గేది కాదు, జనం తగ్గేవాళ్లు. అందుకని ఒక చట్టం. 1948లో ఇంకొకటి, చదువుకున్నవాడే మందివ్వాలని. తర్వాత షెడ్యూళ్లు, ఏ మందు ఎలా అమ్మాలో చెప్పే జాబితాలు. మా కాలానికి కొన్ని మందులకు ప్రత్యేకంగా రిజిస్టరు కూడా వచ్చింది: రోగి పేరు, చీటీ రాసిన డాక్టరు పేరు, ఎన్ని మాత్రలిచ్చామో. నిద్రమాత్రలు అందులోవే.

పుంగనూరులో ఒక సాయిబు మందుల షాపులో చేరాను. గోడమీద నా సర్టిఫికెట్టు, దాని కింద నేను. చాలా షాపుల్లో సర్టిఫికెట్టు ఒక్కటే డ్యూటీకి వస్తుంది. మనిషి కూడా రావడం సాయిబుకు కొంచెం గర్వంగా ఉండేది.

మా వైపు మాత్రలు అట్టలకు అట్టలు ఎవరూ కొనరు. రెండో మూడో కత్తెరతో కత్తిరించి ఇస్తాం. దానికీ ఒక పద్ధతుంది. మందు పేరు, గడువు తేదీ ఉన్న కొసను షాపులో ఉంచుకుని, అవతలి కొస నుంచి కత్తిరిస్తూ రావాలి. పేరున్న ముక్క ఆఖరున కొన్నవాళ్లకు పోతుంది. మంచి పద్ధతి. నాకు తగిలిన దెబ్బలన్నీ ఈ మంచి పద్ధతి వల్లే.

షాపుకొచ్చే ఒకామె బడిలో వంట చేసేది. మొగుడు మదనపల్లె మార్కెట్లో టమాటా క్రేట్లు ఎత్తేవాడు. మొదటిసారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

“నిద్రమాత్రలు రెండియ్యప్పా.”

“చీటీ ఉండాదామ్మా?”

“నాకు కాదప్పా, మా ఇంటాయప్పకు. ఆయప్ప పండుకుంటేనే నేను బతికేది.”

“చీటీ లేకుండా ఇస్తే నన్ను లోపలేస్తారమ్మా.”

ఆమె కొంగు తీసింది. ముందరి పన్ను లేదు.

“దీన్ని రాలగొట్టేదానికి ఆయప్ప ఏం చీటీ సూపించినాడు?”

పరీక్షలో ఈ ప్రశ్న రాలేదు. తాగినవాడికి ఈ మాత్ర వేస్తే ఊపిరి ఆగిపోవచ్చని చెప్పాను. “శానా సేపు ఆగిపోతాదా?” అంది, ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ ఆసక్తితో. తాగని రోజే వేయమన్నాను. తాగని రోజు కొట్టడు కదా అని నా ఉద్దేశం. తాగని రోజు గురి ఇంకా బాగా కుదురుతుందట.

ఇచ్చాను. వారానికి రెండు. సంగటిలో పిసికి పెట్టేది. రిజిస్టరులో ఆమె పేరు లేదు. మూడు నెలలపాటు ఆమె ఒంటిమీద కొత్త దెబ్బ కూడా లేదు.

ఒక మంగళవారం అట్టలో చివరి రెండు మాత్రలు ఆమె వంతుకు వచ్చాయి. పద్ధతి ప్రకారం పేరున్న ముక్క ఆమె చేతిలో పెట్టాను. అది పోపులడబ్బాలో మొగుడికి దొరికింది. మదనపల్లెలో ఏదో షాపులో చూపించి, దేనికిస్తారో కనుక్కున్నాడు. ఇంటికొచ్చి ఆమె కుడిచెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. రెండోసారి వేశాక ఆమె మా షాపు పేరు చెప్పింది. నేనైతే తలుపు దాకా రాకముందే చెప్పేవాణ్ణి.

“రేయ్, నా పెండ్లానికి మందిచ్చింది నువ్వేనా?”

మర్నాడు షాపులోకి దూసుకొచ్చి అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. షట్టరు లాగే ఇనప గడ అందుకున్నాడు. మొదటి దెబ్బ అద్దాల బీరువాకు, రెండోది నా ముక్కుకు, తర్వాతవి లెక్కపెట్టే స్థితిలో లేను. దగ్గుమందు సీసాలు పగిలి, రక్తం తియ్యటి వాసన వేసింది. సాయిబు దూరం నుంచే “వదలప్పా, సచ్చిపోతాడు!” అని అరిచాడు. అతనికి అది ప్రోత్సాహంలా వినబడినట్టుంది.

అతను అట్నుంచి అటే స్టేషనుకు వెళ్లి, పెళ్లాం విషం పెట్టి చంపబోయిందని ఫిర్యాదు ఇచ్చాడు. మా షాపు పేరు ఎత్తలేదు, ఎత్తితే ఇనప గడ సంగతీ చెప్పాలి. నేను ముక్కులో దూది కుక్కుకుని సాయిబుతో పోయేసరికి ఆమె బెంచీ మీద ఉంది, చేతికి పచ్చి సిమెంటు కట్టుతో. పక్కన కుప్పం నుంచి వచ్చిన వాళ్లన్న. ఎస్సై టేబులు మీద ఆ ముక్క.

“యాడ కొన్నావమ్మా దీన్ని?”

“గుర్తు లేదు సార్,” అంది. నా వైపు చూడలేదు.

సాయిబు నా చెవిలో అన్నాడు: “నోరు మూసుకో భాయ్. నీ సర్టిఫికెట్టూ పోతాది, నా లైసెన్సూ పోతాది.”

నిజమే. నేను నోరు మూసుకుంటే ఆమె మీద హత్యాయత్నం కేసు అవుతుంది. అదీ నిజమే.

“నేనే ఇచ్చినా సార్. చీటీ లేదు. అది విషం కాదు, నిద్రమాత్ర. వారానికి రెండే.”

“దీనికి నీకేమైతాదో తెలుసునా?”

“తెలుసు సార్. పరీక్షలో రాసినా.”

అప్పుడు మొగుడు వెనక నుంచి నా నడుం మీద తన్నాడు. నేను టేబులు మీద పడ్డాను. నాకు కాకపోయినా ఆమెకు అది మేలు చేసింది. అంతవరకు వినికిడిగా ఉన్న అతని స్వభావం ఎస్సై కళ్లముందుకొచ్చింది. కానిస్టేబుళ్లు అతన్ని లోపలికి తీసుకుపోయి కాసేపు చట్టం వివరించారు. గోడ అవతలికి బాగానే వినబడింది. విషం ఫిర్యాదు పక్కకు పోయి, ఆమె ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కింది. నా సంగతి మందుల ఇన్స్పెక్టరుకు రాశారు.

రెండు రోజులకు అతను బెయిలు మీద బయటికొచ్చాడు. ఆ పొద్దున్నే ఆమె, వాళ్లన్న కుప్పం బస్సెక్కారు. సాగనంపడానికి నేనూ వెళ్లాను. బస్సు కదలబోతుంటే మొగుడు ఫుట్‌బోర్డు ఎక్కి ఆమె జుట్టు పట్టుకుని ఈడ్చాడు. వాళ్లన్న అతని గొంతు పట్టుకున్నాడు. నేను కింద నుంచి కాళ్లు పట్టుకున్నాను. శరణు వేడినట్టు కనిపించి ఉంటాను.

ఆమె ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, కట్టుతో సహా అతని మొహం మీద దించింది. ఇంకోసారి ఎత్తింది. రెండో దెబ్బకు అతను నా మీదుగా రోడ్డు మీద పడ్డాడు. నోట్లోంచి ఏదో ఉమ్మాడు. పన్నే.

కండక్టరు తల బయటపెట్టి చూశాడు.

“ఈయప్ప టికెట్టు తీసుకున్న్యాడా?”

“లేదప్పా,” అంది ఆమె.

“అయితే రైట్ రైట్.”