తెరకి వీపు పెట్టి చెప్పిన సినిమా

మొన్న మా రాజాంలో నేను చేసిన ఘనకార్యం వినండి. ఒక సినిమాలో మంచివాణ్ణి దుర్మార్గుడిగానూ, దుర్మార్గుణ్ణి దీనుడిగానూ మార్చేశాను. అదీ మైకులో, ఊరంతా వింటూ ఉండగా! ఆ సినిమా తీసినవాళ్ళు సముద్రాల అవతల ఉన్నారు కాబట్టి బతికిపోయాను.

మొదటినుంచీ చెబుతాను. మధ్యలో అందుకోవడం నాకు చేతకాదు. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరైనదాన్ని. ఇంట్లో మనవలు "మామ్మా, ఉప్పు డబ్బా ఏదీ?" అని అడిగినా, ఉప్పు ఎక్కడ పండుతుందో చెప్పాకే డబ్బా చూపిస్తానని మా కోడలి ఫిర్యాదు.

క్రిస్మస్ ముందు మా వీధి చివర చర్చి పాస్టరుగారు వచ్చారు.

"అమ్మగారూ, విశాఖపట్నం నుంచి ఒక ఇంగ్లీషు సినిమా తెప్పిస్తున్నాం. బడి మైదానంలో వేస్తాం. మనవాళ్ళకి భాష తెలీదు కదా, పక్కన నిలబడి మైకులో తెలుగులో చెప్పాలి మీరు."

"కథేమిటండీ?" అన్నాను.

చెప్పారు. ఒక చిన్న ఊరు. రంపం మిల్లులో పని పోయిన ఒకతను, పెళ్ళాం, ముగ్గురు పిల్లలు. మిల్లు యజమాని వాళ్ళని ఇల్లు కూడా ఖాళీ చెయ్యమంటాడు. పండగ రోజుకి ఊరివాళ్ళు తలో చెయ్యీ వేసి ఆ కుటుంబాన్ని నిలబెడతారు. అది చూసి యజమాని మనసు కరుగుతుంది.

వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకంటే నాకు దాలమ్మ గుర్తొచ్చింది.

దాలమ్మ ఎవరంటే, అప్పలనాయుడుగారి రైస్ మిల్లు గోడకి ఆనించి తాటాకు పాక వేసుకుని, బస్తాలు మోసే కళాసీలకి ఇడ్లీలు, చోడి అంబలి అమ్ముకునే మనిషి. మొగుడు పోయాడు. ముగ్గురు పిల్లలు. ఆ పాకే వాళ్ళ కొట్టు, ఆ పాకే వాళ్ళ ఇల్లు. కొత్త ధాన్యం లారీలు వచ్చే వేళకి పాక తీసెయ్యాలని నాయుడుగారు కబురు పెట్టారు. నేనూ పాస్టరుగారూ వెళ్ళి బతిమాలాం కూడా.

"లారీ తిరగాల పంతులమ్మగారూ, నానేటి సెయ్యను?" అన్నారాయన.

నోటితో చెబితే ఎక్కనిది బొమ్మ చూపిస్తే ఎక్కుతుంది. బడిలో నేను కనిపెట్టిన సత్యం ఇది. నాయుడుగారికి ముందు వరసలో కుర్చీ వేయించాం. ఆ సినిమాలో యజమానిని చూసి ఈయన తనని తాను పోల్చుకోవాలి. అదీ మా పథకం. ముందురోజు చర్చి గదిలో తలుపులు మూసి నాకొక్కదానికీ సినిమా వేసి చూపించారు. కథంతా కంఠతా వచ్చేసింది. ఆ ధీమాయే నా కొంప ముంచింది.

చీకటి పడగానే జనం వచ్చేశారు. రెండు గెడల మధ్య తెల్లగుడ్డ కట్టారు. ముందు జాగా నిండిపోయి సగం మంది గుడ్డకి వెనక కూర్చున్నారు. దాలమ్మా, పిల్లలూ అటువైపే. ముందు కుర్చీలో నాయుడుగారు, తలకి మఫ్లరు చుట్టుకుని. పాస్టరుగారు ఎక్కడో చివర, ప్రొజెక్టరు దగ్గర.

నేను ఎక్కడ నిలబడ్డానంటే, తెర పక్కన, జనానికి ఎదురుగా, బొమ్మకి వీపు పెట్టి. మరి పాఠం చెప్పేటప్పుడు బోర్డుకేసి చూస్తూ చెబుతామా? పిల్లల మొహాలు చూస్తూ చెబుతాం గానీ! తెర మీది వెలుగులో ముందు వరసలు కనబడుతూనే ఉన్నాయి. అవి చాలు నాకు.

మొదటి బొమ్మ మంచు.

"ఇది మన శీతాకాలం పొగమంచు కాదు. ఐసుముక్కని గీకితే పొడి రాలుతుంది చూడండి, అలాంటిది ఆకాశం నుంచి రాలుతుంది. అర్థమైందా?"

"అయిందమ్మా!" అని మైదానం మైదానమంతా అరిచింది. ఆహా, ఆ కేక విని ఎన్నాళ్ళయింది! ప్రాణం లేచొచ్చింది.

నా కాళ్ళ దగ్గర కూర్చున్న ఒక ముసలమ్మ, "అంత సలిలో పసువుల్నెక్కడ కట్టెత్తారమ్మా?" అంది.

మంచి ప్రశ్న. మంచి ప్రశ్న అడిగిన విద్యార్థికి జవాబు చెప్పకుండా నేనెప్పుడూ ముందుకి సాగలేదు. చెప్పాను. తరవాత ఇంటి మధ్యలో నెగడు. "ఇంట్లో మంటెట్టుకుంటే కొంప అంటుకోదేటి?" అంది. పొగగూడు గురించి చెప్పాను. క్రిస్మస్ చెట్టు గురించి చెప్పాను, అది మన సరుగుడుకి దూరపు చుట్టంలా ఉంటుందని. ప్రతిదానికీ "అర్థమైందా?" అనడం, "అయిందమ్మా!" అనేదాకా ఆగడం.

ఇక్కడ ఒక చిన్న విషయం మరిచిపోయాను. బోర్డు మీద రాసింది నేను తుడిచేదాకా అక్కడే ఉంటుంది. సినిమాకి ఆ మర్యాద లేదు. అది దాని మానాన అది వెళ్ళిపోతుంది.

"ఇదిగో, ఇతనే మన కథానాయకుడు," అని మొదలుపెట్టాను. "పాపం, పని పోయింది. పొద్దున్నుంచి నోట్లో ముద్ద పడలేదు."

ఆ క్షణంలో నా వెనక తెర మీద ఏముందో తెలుసా? మిల్లు యజమాని! ఇంత పొడుగు బల్ల ముందు ఒక్కడూ కూర్చుని, కాల్చిన కోడిని తింటున్నాడు.

"ముద్ద లేకపోడవేటి? కోడికి కోడినే లాగించేత్తన్నాడు!" అన్నాడట ఒక కళాసీ.

"ఆకలి మీదున్నోడు అలాగే తింతాడు, నువ్వూరుకో ఎహె!" అన్నాడట ఇంకొకడు.

ఈ మాటలన్నీ తరవాత దాలమ్మ చెబితే తెలిశాయి. మైకు మోతలో నాకు వినబడింది గోల మాత్రమే. పాఠం రక్తికట్టిందనుకున్నాను.

"ఇక ఇతను యజమాని. రాతిగుండె మనిషి. వీడి మూలంగానే ఇంతమంది కన్నీళ్ళు!" అన్నాను ఆవేశంగా.

తెర మీద అప్పుడు ఆ పేద తండ్రి కూతురి చిరిగిన బూటు కుడుతూ, దాని నుదుటి మీద ముద్దు పెడుతున్నాడట.

"ఓలమ్మో, ఎంత నంగనాచి! ముద్దులెట్టుకుంటన్నాడు సూడు!"

"గుంటపిల్లల ముందర నాటకాలాడతన్నాడ్రా!"

వేరుశనగ తొక్కలు వచ్చి తెరకి తగిలాయి. నా సర్వీసు మొత్తంలో ఏ క్లాసూ ఏ పాఠానికీ ఇంతగా కదలలేదు! అటు చివర పాస్టరుగారు రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నారు. భేష్ అంటున్నారనుకుని నేనూ ఒక చెయ్యి ఊపాను.

ఆ ఉత్సాహంలో గొంతు తగ్గించి, నిదానంగా అన్నాను: "ఇంతకన్నా ఒంటరివాడు ఆ ఊళ్ళో లేడు. లోపలి దుఃఖం పైకి కనబడనివ్వడు. పండగపూట ఎవరైనా తలుపు తట్టి 'తిన్నావా?' అని అడుగుతారేమోనని చూస్తున్నాడు."

ఇది పేదవాడి గురించి నేను ముందే అనుకుని పెట్టుకున్న మాట. తెర మీద మాత్రం అప్పుడు మళ్ళీ ఆ యజమానేనట, అదే పొడుగు బల్ల ముందు ఒక్కడూ. చెబుతూ ముందు వరస చూశాను. నాయుడుగారు మఫ్లరు కొసతో కళ్ళు ఒత్తుకుంటున్నారు! గెలిచామనుకున్నాను.

"అప్పుడా కుటుంబం మూటా ముల్లే కట్టుకుని మంచులోకి..." అంటూ ఉండగా లైట్లు వెలిగాయి.

వెనక్కి తిరిగి చూస్తే ఉత్త తెల్లగుడ్డ!

"అదేటి, ఆల్ని మంచులో ఒగ్గీసి ఎలిపోనారా? ఇదేటి పండగ సినిమా!" అని ముసలమ్మ నా మీద లేచింది.

"ఉండండి, కూర్చోండి, ఇంకా ఊరివాళ్ళు రావాలి..." అంటున్నాను. ఎవరు వింటారు? చాపలు దులుపుకుంటున్నారు. పాస్టరుగారు రొప్పుతూ వచ్చారు.

"అమ్మగారూ, మీరు ఒక రీలు వెనకబడ్డారు."

జరిగింది ఆయన చెబుతుంటే అక్కడున్న కుర్చీలో కూలబడ్డాను. చూస్తే అది నాయుడుగారి కుర్చీ. ఆయన ఎప్పుడో వెళ్ళిపోయారు.

మిల్లు యజమానులే దీనులనీ, కూలివాళ్ళే నంగనాచులనీ ఊరందరి ముందూ ఆయనకి సర్టిఫికెట్టు ఇచ్చాను కదా! ఇంక దాలమ్మ పాక ఉంటుందా?

తెల్లవారగానే దాలమ్మకి క్షమాపణ చెప్పుకుందామని పాక దగ్గరికి వెళ్ళాను. నాకంటే ముందు అక్కడ నాయుడుగారు! కళాసీల బల్ల మీద కూర్చుని ఉన్నారు. చేతిలో ఇడ్లీల ఆకు. దాలమ్మ గరిటె పట్టుకుని కొయ్యబారి నిలబడింది.

"రండి పంతులమ్మగారూ, కూకోండి," అన్నారు. "నిన్న మీరు సెప్పినారు సూడండి, ఆ పెద్దింటాయన గురించి. మా ఇంటిది పోయిన కాడినుంచి నానూ అలాగే తింతన్నాను. అంత బల్ల, ఒక్క కంచం. ఊల్లో ఎవలికీ కనబళ్ళేదు. మీకు కనబడినాది."

నాకు నోరు దురద పెట్టింది. తప్పు కనబడితే దిద్దకుండా ఉండగలనా? "నాయుడుగారూ, అసలు ఆ కథలో..." అన్నానో లేదో,

"అమ్మా, సెట్నీ ఎయ్యమంటారేటి?" అంటూ దాలమ్మ నా చేతిలో ఆకు పెట్టి, భుజం గట్టిగా నొక్కింది. నోరు మూసుకున్నాను.

"లారీలు ఎనక గేటు కాడ తిరుగుతాయిలే. పాక ఉండనీ," అన్నారాయన. "గానీ దాలమ్మా, రేపటినుంచి పొద్దున నాకూ ఒక ఆకెయ్యాల. మిల్లులోకి అంపకు. నానే వచ్చి ఈ కళాసీలతో కూకుంటాను."

"అలాగే బాబూ. మరి సెట్నీలో కారం తగ్గించమంటే ఈలు ఊరుకోరు," అంది దాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

ఇంటికొస్తూ ఆలోచించాను. నేను చెప్పింది తప్పా? పేదవాడి కోసం అనుకున్న మాట వెళ్ళి మా ఊరి పెద్దమనిషికి తగిలింది. తగిలిన చోట నిజంగానే నొప్పి ఉంది. ఆయన తలుపు తట్టి "తిన్నారా?" అని మేం ఎవరమూ అడగలేదు. పాక గురించి బతిమాలడానికి వెళ్ళిన రోజున కూడా అడగలేదు. దీనికి ఎర్ర సిరాతో కొట్టెయ్యాలో, మార్కులు వెయ్యాలో నాకు తెలియలేదు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. సాయంత్రం నాయుడుగారి నుంచి కబురు. కొత్త సంవత్సరానికి మిల్లు ఆవరణలో అదే సినిమా మళ్ళీ వేయిస్తారట, బొబ్బిలి నుంచి చుట్టాలు కూడా వస్తారట. "మాటలు మట్టుకు పంతులమ్మగారివే ఉండాల. నిన్న సెప్పినట్టే సెప్పాల, ఒక్క ముక్క మారకూడదు."

పాఠం తప్పు చదివిన పిల్లల్ని బెంచీ ఎక్కించినదాన్ని నేను. ఇప్పుడు రోజూ వంటింట్లో నిలబడి, తప్పకుండా ఒక రీలు వెనకబడడం ఎలాగో ప్రాక్టీసు చేస్తున్నాను. మా కోడలు గడియారం పట్టుకుని చూస్తోంది. ఎంత సాగదీసినా అర రీలు దాటడం లేదు!