పది లక్షల ఒకటి

నంద్యాలలో బస్సెక్కేసరికే లెక్కల పరీక్ష వదిలేద్దామనుకున్నాను. పెళ్లై, పిల్లలు పుట్టాక మళ్లీ పట్టిన చదువు అది. ఒళ్లోని పుస్తకం చూసి, పక్కసీటు పెద్దావిడ నా పెన్ను తీసుకుని అట్ట మీద 10,00,001 అని రాసింది.

"ఇది ప్రధాన సంఖ్యేనా? శేషం లేకుండా దేంతోనన్నా పోతాదేమో సూడు."

శిరివెళ్ల దాటేసరికి వందలోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాను. ఒక్కదానితోనూ పోలేదు.

"నా వల్ల కాదమ్మా."

"నూరు కాడనే నిలబడితే ఎట్ల? ముందుకు పో."

నూట ఒకటితో భాగించాను. శేషం సున్నా!

"పోయింది!" అని అరిచాను. ఏం పోయిందోనని ముందుసీటాయన కింద వెతికాడు.

ఆవిడ ఆళ్లగడ్డలో దిగుతూ, "9,901 వచ్చినాది గదా. మరి అది దేంతోనన్నా పోతాదా?" అంది.

మళ్లీ భాగించబోయి ఆగాను. వందను వందతో హెచ్చిస్తేనే 9,901 దాటిపోతుంది. కాబట్టి అది విడిపోవాలంటే ఒక భాగం వందలోపే ఉండాలి. అలాంటిదుంటే దాంతో 10,00,001 కూడా పోవాలి. వందలోపువేవీ పనికిరావని ఇందాకే చూశాను కదా!

కిటికీలోంచి తల బయటపెట్టాను. "అమ్మా, అది దేంతోనూ పోదు! ప్రధాన సంఖ్యే!"

ఆవిడ బస్టాండు మధ్యలో ఆగి, సంచి కింద పెట్టి, చప్పట్లు కొట్టింది.

ఆ పరీక్ష రాశాను.