నీళ్లు నింపి పంపిన మరచెంబు

ప్యాకింగ్ టేపు చర్రున లాగిన చప్పుడు, దాని వెంటే తడి ఇత్తడి వాసన. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడల్లా శకుంతలక్క నా వెనకే నిలబడి నా చేతులు చూస్తున్నట్టు ఉంటుంది. ఈ పొద్దున కూడా అంతే. ఒక చిన్న ఇత్తడి గిన్నెను అట్టపెట్టెలో పెట్టబోతూ, ఏదో మరిచిపోయినదానిలా వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. తోముడు రాయి మీద చింతపండు తొక్కు ఆరుతోంది.

శకుంతలక్కది వరంగల్ బజారులో ఇత్తడి సామాన్ల దుకాణం. వాళ్ల మామగారి కాలం నాటిది. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లి జరిగినా బిందెలూ కాగులూ ఆ దుకాణం నుంచే వెళ్లేవట. నేను పనికి చేరేనాటికి స్టీలు సగం బేరం పట్టుకుపోయింది, మిగిలిన సగం ప్లాస్టిక్కు పట్టుకుపోయింది. తొర్రూరు దగ్గరి పల్లె నుంచి పెళ్లయి వచ్చినదాన్ని నేను. ఐదో తరగతితోనే బడికి దండం పెట్టాను. పని ఉందా అని గడపలో నిలబడితే ఆమె నా చదువు అడగలేదు, ఊరు అడగలేదు. నల్లబడ్డ చెంబొకటి, ఇంత చింతపండు చేతిలో పెట్టి, వెనక కుళాయి ఉందని చూపించింది. నా మొహం కనబడేంతగా తోమి తెచ్చాను. ఆమె దాన్ని బోర్లించి చూసింది.

"పొట్టేమో తళతళ మెరుస్తాంది, అడుగేమో మసి. కొనేటోళ్లు అడుగే సూస్తరు బిడ్డా."

మళ్లీ వెళ్లి తోముకొచ్చాను. రేపటి నుంచి రమ్మంది. ఆ తర్వాత ఏ గిన్నె పట్టుకున్నా నా చెయ్యి ముందు అడుగుకే పోయేది. మా ఆయన నవ్వేవాడు, నువ్వు కూర గిన్నెను కూడా బోర్లించి చూస్తావేమో, కూర ఉందని మరిచిపోకు అని.

కొత్త సామాను కొనేవాళ్లు పాతవి తెచ్చి ఇచ్చేవారు. అంతకుముందు వాటిని కరిగించడానికి పంపేవాళ్లు. శకుంతలక్క కూతురు స్వప్న హసన్‌పర్తిలో కాలేజీ చదువు పూర్తిచేసి వచ్చాక, ఆ పాతవాటికే ఫోటోలు తీసి ఫోనులో వేలానికి పెట్టడం మొదలుపెట్టింది. మొదట్లో శకుంతలక్కకు అది అర్థమయ్యేది కాదు. మొగం చూడకుండా పాట పాడేదేమిటి, పాడినవాడు పారిపోతే ఎవరిని పట్టుకోవాలి అని ఒకటే పరేషాన్. కానీ మూల పడి ఉన్న కూజాకు ఎక్కడో పూనాలో ఒకరు, మద్రాసులో ఒకరు పోటీపడి పాడుతుంటే, కూతురి భుజం మీద గడ్డం ఆనించి ఆ అంకెలు మారడం చూసేది. మధ్యాహ్నం అన్నం కూడా ఫోను దగ్గరికే. నిజం చెప్పాలంటే ఆ వేలమే దుకాణానికి మళ్లీ ఊపిరి పోసింది.

ప్యాకింగు నా పని, కానీ మూత పెట్టేది మాత్రం ఆమే. ఎందుకంటే ఖాళీ గిన్నె గడప దాటకూడదు. పక్కింటికి కూర పంపిన గిన్నె తిరిగి వచ్చేటప్పుడు చిటికెడు చక్కెరైనా వేసుకునే రావాలి. అది మా ఇళ్లలో అందరికీ ఉన్నదే. శకుంతలక్క ఆ పద్ధతిని పార్సిళ్లకు కూడా పెట్టింది. పసుపు కలిపిన బియ్యం గుప్పెడు, చిన్న మూట కట్టి, గిన్నెలో వేసి, అప్పుడు మూత. అందుకున్నవాళ్లు ఆ బియ్యం పరమాన్నంలో వేసుకున్నామని రాసేవారు. స్వప్న అవి చదివి వినిపిస్తే, బియ్యంతో పాటు పాలు కూడా పంపాల్సిందేమో అని ఆమె నవ్వేది.

మరచెంబు ఎరుగుదురు కదా. మూతకు మర ఉండి, బిగిస్తే చుక్క కారని చెంబు. వెనకటివాళ్లు ప్రయాణాల్లో నీళ్లు పట్టుకుపోయేది దాంట్లోనే. అలాంటిదొకటి మాకు దొరికింది. దాన్ని వేలానికి పెట్టిన రోజే మారిషస్ దీవి నుంచి లీల అనే ఆమె స్వప్నకు రాసింది. మీరు మీ దేశం లోపలికే పంపుతామని పెట్టారు, మా దీవికి కూడా పంపితే నేనూ పాడతాను అని. వాళ్ల ముత్తవ్వ ఓడెక్కి వెళ్లేటప్పుడు ఇలాంటి చెంబుతోనే వెళ్లిందట. అది ఎప్పుడో పోయింది. నాయనమ్మ మాటల్లో వినడమే తప్ప లీల చూడలేదు.

స్వప్నకు ఇష్టం లేదు. దూరం, కస్టమ్స్, విరిగితే తగువు, మాట అర్థం కాదు, ఉన్న బేరం చాలదా అంది. శకుంతలక్క ఆ చెంబును ఒళ్లో పెట్టుకుని అంతా విన్నది.

"గిది దూరం పోయేతందుకే పుట్టిన చెంబు. పంపు" అన్నది.

లీల పాడింది, గెలిచింది. కస్టమ్స్ కాగితం మీద స్వప్న ఇత్తడి చెంబు అని రాసింది. మూత బిగించే ముందు శకుంతలక్క ఎప్పటిలాగే బియ్యం మూట వేసింది. ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. పసుపు బియ్యం తప్పవుతుందని ఎవరైనా అనుకుంటారా?

అక్కడి అధికారులు పెట్టె విప్పారు. ఆ దీవిలోకి బయటి గింజలు రాకూడదట, పంటలకు పురుగు పడుతుందని. పైగా కాగితంలో బియ్యం సంగతే లేదు. పార్సిలు వెనక్కి తిప్పేశారు. లీలకు చేరింది ఆ కబురొక్కటే. వేలం నడిపేవాళ్లు, కొన్నామెకు సమాధానం చెప్పకపోతే మీ అమ్మకం ఆపేస్తామని స్వప్నకు రాశారు. ఆ వేలం ఆగితే మా దుకాణానికి ఇంకేముంది? షట్టరు దించడమే.

పెట్టె సొట్టలు పడి తిరిగొచ్చింది. చెంబుకు మాత్రం ఏమీ కాలేదు. స్వప్న కౌంటరు మీద చెయ్యి పెట్టి, పైసలు వాపస్ ఇచ్చేద్దాం, ఇక బయటి దేశాల మాట ఎత్తొద్దు అంది. తప్పేమీ లేదు, ఆ పిల్ల భయం ఆ పిల్లది.

"పైసలిస్తే మన లెక్క తెగుతది. ఆమెకు చెంబు వస్తదా?" అన్నది శకుంతలక్క. "పెట్టె కట్టంగనే అమ్ముడు కాదు బిడ్డా. ఆమె చేతిల పడేదాకా గది మన ఇంట్ల ఉన్నట్టే."

"మళ్లా ఆగితే దుకాణం బందైతదమ్మా. పంపుతె ఖాళీగ పంపు. గింజ ఉండొద్దు, ఆకుండొద్దు, ఏం ఉండొద్దు."

దేనికైనా ఒప్పుకునే మనిషి ఆ ఒక్కదానికి ఒప్పుకోలేకపోయింది. పార్సిలు పంపాలి, చెంబు ఖాళీగా వెళ్లకూడదు. ఆ పూటంతా చెంబు కౌంటరు మీదే ఉంది. ఆమె గిరాకీతో మాట్లాడుతూనే మూత విప్పేది, బిగించేది. సాయంత్రం లేచి కుళాయి దగ్గరికి వెళ్లింది. చెంబు నిండా నీళ్లు పట్టి, మర బిగించి, తలకిందులు చేసి చూసింది. చుక్క కారలేదు. మళ్లీ విప్పి, ఆ నీళ్లు వెనకున్న మల్లెచెట్టు మొదట్లో పోసి, చెంబు నా చేతికిచ్చింది.

"లోపల తడి లేకుండ తుడువు. నింపే పంపుతున్నం. నీళ్లు దారిల ఒలికినయ్ అనుకుంటది చెంబు."

స్వప్న నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. కానీ కాగితం ఈసారి అక్షరం అక్షరం సరిచూసి రాసింది. ఆ దీవి నియమాలన్నీ చదివింది. లీలకు జరిగింది జరిగినట్టు చెప్పింది. కొన్నాళ్లు ఆగుతానని లీల నుంచి ఒక్క మాట వచ్చింది. పార్సిలు మళ్లీ వెళ్లాక రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. శకుంతలక్క ఫోను మోగినప్పుడల్లా గల్లా వదిలి వచ్చేది.

ఒకరోజు లీలే వీడియోలో ఫోను చేసింది. నా వయసే ఉంటుంది, పూల గౌను వేసుకుంది. మరచెంబు పైకెత్తి, మాకు కనబడేలా నీళ్లు పోసి, గటగటా తాగింది. ఆమెకు తెలుగు నాలుగు మాటలకు మించి రాదు. వెతుక్కుని వెతుక్కుని అన్నది.

"మా నాయనమ్మ కూడా... గిన్నె... ఖాళీ ఇవ్వదు. ఎందుకో మాకు తెల్వదు."

శకుంతలక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ వెంటనే కూతురిని మోచేత్తో పొడిచింది. "ఇన్నవా? నా ఒక్కదానికే పిచ్చి కాదు."

లీల వేలంవాళ్లకు మంచి మాట రాసింది, అమ్మకం ఆగలేదు. శకుంతలక్క ఇప్పుడు లేదు. దుకాణం స్వప్న నడుపుతోంది, నేను ఇంకా అక్కడే. పక్క దుకాణాలవాళ్లు వచ్చి అడుగుతుంటారు, బయటి దేశాలకు పంపొచ్చా, ఎందుకొచ్చిన గొడవ అని. స్వప్న నియమాలు చెబుతుంది. నేను చదువు లేనిదాన్ని, ఒక్కటే చెబుతాను. ఆ మనిషి చేతిలో పడేదాకా అది మీ ఇంట్లో ఉన్నట్టే అనుకోగలిగితే పంపండి, లేకపోతే హన్మకొండకు కూడా పంపకండి.

ఈ పొద్దుటి గిన్నె ఎక్కడికి వెళ్తుందో స్వప్న చెప్పింది కానీ ఆ దేశం పేరు నా నోరు తిరగదు. మడిచిన పెట్టె మూత మళ్లీ విప్పి, గిన్నె తీసుకుని వెనక్కి వెళ్లాను. నిండా నీళ్లు పట్టి మల్లెచెట్టుకు పోశాను. ఎన్ని దేశాల నీళ్లు తాగిందో, గోడ ఎక్కేసింది అది. లోపల పొడిగా తుడిచాను. ఆ తర్వాత బోర్లించి, అడుగు కూడా తుడిచాను.