ఎదిగే పిల్లకు తుపాకి

టెక్సస్‌లో, ప్లేనోలో మా పక్కింటాయన ఆదివారం వస్తే తుపాకి గురి సాధన చేసే షూటింగ్ రేంజ్‌లోనే ఉండేవారు. మా అమ్మాయి ఆయన్ని రేంజ్ అంకుల్ అనేది. పదేళ్ల దానికి గురి నేర్పుతానన్నారు. తుపాకి కొనడానికి ముగ్గురం షాపుకెళ్లాం. ఎదిగే పిల్ల కదా అని నేను కాస్త పెద్దది చూపించాను.

"గౌను కాదమ్మా, రెండేళ్లు వస్తుందని లూజుగా కొనడానికి. ఇవాళ భుజానికి సరిపోవాలి," అన్నారాయన.

ఒక్కో తూటా పెట్టి పేల్చే చిన్న రైఫిల్ తీయించారు. బోల్ట్ పిడి వెనక్కి లాగి, తూటా కూర్చునే చోట లోపలికి చూశారు. చిటికెన వేలితో తడిమి పిల్లకిచ్చారు. "ఖాళీయే. నా మాట నమ్మకు, నువ్వూ చూడు." తుపాకి చేయి మారినప్పుడల్లా అదే మాట.

మొన్న చలికాలంలో ఆయన పోయారు. ఫ్యూనరల్ హోమ్‌లో అందరూ ఏడుస్తున్నారు. నాకేమీ అనిపించలేదు. బయటికొచ్చి, కారెక్కడ పార్క్ చేశానో వెతుక్కున్నాను.

ఇంటికి రాగానే అమ్మాయి గన్ సేఫ్ తెరవమంది. రైఫిల్ ఇప్పుడు తనకి పొట్టిదైపోయింది. బోల్ట్ లాగి చూసింది, చిటికెన వేలు పెట్టింది, నాకందించింది.

"ఎంప్టీ. బట్ నువ్వు కూడా చూడు, అమ్మా."

చూశాను. ఖాళీయే.