తీసేసిన నాలుగో తెర

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. నేను రాసే ప్రోగ్రాముల మీదా పెద్దగా లేదు గానీ, వాటి తప్పు ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది. ఈ ఒక్కటీ దొరకలేదు.

ఎచ్చెర్లలో చదువయ్యాక పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీకి పని చేశాను. పప్పు ఆరబెట్టే డ్రయర్‌కి చిన్న టచ్ స్క్రీన్ బిగించి మూడు తెరలు రాశాను: వేడి, సమయం, సెట్టింగులు. మూల నొక్కితే ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది.

డ్రయర్ చూసే పైడమ్మకి చదువు రాదు. వాసన బట్టి తలుపు తీసేది.

"అంకెలు నాకేటి తెలుస్తాయి బాబూ? బొమ్మెట్టు," అంది.

నాలుగో తెర పెట్టాను. తెల్లటి జీడిపప్పు బొమ్మ. వేడి ఎక్కువైతే తెర దానంతటదే అక్కడికి మారి, బొమ్మ ఎర్రబడుతుంది.

"ఇది పప్పా, పీత కాలా?" అని రెండుసార్లు దిద్దించింది. కాలేజీలో నా ప్రాజెక్టుని ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

రెండేళ్లకు ఆమె జ్వరంతో పోయింది. ఆ పనిలోకి కూతురు గౌరి వచ్చింది. పదో తరగతి చదివింది కాబట్టి బొమ్మ అక్కర్లేదన్నాడు యజమాని. నాలుగో తెరనీ, బొమ్మనీ తీసేసి ప్రోగ్రాం మళ్లీ ఎక్కించాను.

గౌరి మొదటిసారి ఒంటరిగా లోడు వేసిన రోజు నేను పక్క మెషీన్ వైర్లు చూస్తున్నాను. "మాడిందంటే మళ్లీ పొట్టు తీసే పనికే ఎల్తావు," అని యజమాని ఆమెకు ముందే చెప్పి ఉన్నాడు. పొద్దున్న పదకొండు. వేడి తెర మీద డెబ్భై అని ఉంది. ఉండాల్సిందీ అంతే.

ఎవరూ ముట్టుకోలేదు. తెర మారింది. జీడిపప్పు బొమ్మ, ఎర్రగా.

గౌరి వెళ్లి తలుపు తీసింది. వెనక ట్రేలో అంచు పప్పు అప్పుడే రంగు తిరుగుతోంది. మిగతా లోడంతా దక్కింది. చూస్తే, వేడి కొలిచే సెన్సారు ఎప్పుడో డెబ్భై దగ్గర ఆగిపోయింది. అంటే లోపలి వేడి ప్రోగ్రాంకి తెలిసే దారే లేదు.

మేం తిరిగి చూసేసరికి తెర మీద డెబ్భై ఉంది. ప్రోగ్రాం మొత్తం లైను లైనూ చదివాను. మూడు తెరలే. పాతది ఎక్కడైనా మిగిలిందేమోనని మెమరీ కూడా చూశాను. లేదు.

"బాబూ, అమ్మ ఎట్టించిన బొమ్మ మళ్లీ వస్తాదా?" అని అడిగింది గౌరి.

నేను రాసినదాని గురించి అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం తెలీదమ్మా అన్నాను.

"సరే. నాను సూస్తుంటాను," అంటూ చున్నీ కొసతో తెర మీద దుమ్ము తుడిచింది.

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు అడిగినా నా దగ్గర ఆ జవాబే ఉంది.