చెవులతో మొదలైన చదువు

ఐరాల దగ్గరి ఒక పల్లె బడిలో నాకు ఒకటో తరగతి ఇచ్చారు. అంతకుముందు చిత్తూరులో పెద్ద పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. చిన్నపిల్లలంటే ఆటపాటలే కదా అని సంబరపడ్డాను. వారం తిరక్కుండానే గొంతు పోయింది.

పిల్లలు చెడ్డవాళ్లు కాదు. ఒకచోట నిలవలేరు, అంతే. బోర్డు మీద ఒక అక్షరం రాసి ఇటు తిరిగేలోపు సగం తరగతి కిటికీ దగ్గర ఉండేది. వాళ్లందరికీ ముందుండేది ఒక బక్కపలచని పాప. ముందుపళ్లు రెండూ ఊడిపోయాయి.

"మేడమ్, మా నాయన ట్రాక్టరు!"

"కూర్చో తల్లీ."

"మా నాయనది కాదు మేడమ్, మా మామది. మా నాయనదైతే దగ్గుతాది."

కిటికీలు మూయించాను. ఆ ఉక్కకు పిల్లలకన్నా ముందు నాకే కళ్లు తిరిగాయి. రాత్రంతా కూర్చుని రంగురంగుల బొమ్మల కార్డులు చేసుకొచ్చాను. ఒకడు ఏనుగు చెవి కొరికేశాడు.

ఒకరోజు విసుగొచ్చి అన్నాను: "సరే, ఎట్లాగూ సప్పుళ్లే కదా మీకు కావాల్సింది! అయితే బాగా వినండి. అందరూ కండ్లు మూసుకోండి. నేను చప్పట్లు కొట్టేదాకా ఎవురూ మాట్లాడగూడదు. ఏమేం వినబడిందో తర్వాత చెప్పాల."

తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నాకే భయమేసింది. చప్పట్లు కొట్టగానే చేతులు లేచాయి. బోరు మోటారు, కాకి, వంటామె చింతపండు పిసకడం, నా గాజులు. పళ్లు లేని పాప చివర్న లేచింది.

"పక్క రూములో పెద్దసారు గురక పెడతా ఉండాడు మేడమ్."

ఎవరూ చెప్పకుండానే తరగతంతా మళ్లీ కళ్లు మూసుకుని విన్నది. నేనూ విన్నాను. నిజమే.

అప్పటినుంచి పాఠానికి ముందు రోజూ ఈ ఆటే. కొన్నాళ్లకు చప్పుళ్లకు బదులు చిన్న కథ చెప్పి, అందులో కుక్క ఎన్నిసార్లు వచ్చిందో అడిగేదాన్ని. అట్లా వినడం అలవాటైన పిల్లలు మెల్లగా పలక మీద వరుస పూర్తయ్యేదాకా తలెత్తకుండా రాయసాగారు. ఇబ్బంది పడింది పెద్దసారొక్కరే.

"ఏంది మేడమ్, ఈమధ్య మీ తరగతిలో గోలే లేదు? ఆ గోల లేందే మధ్యాన్నం కన్ను మూతబడితే ఒట్టు," అన్నారు పాపం.

ఒకరోజు మండలం నుంచి అధికారి వచ్చారు. భోజనాల వేళ దగ్గరపడింది. పెద్దసారు గర్వంగా మా తరగతికే తీసుకొచ్చారు. ఆట ఆడించాను. అధికారి కూడా సరదాపడి కళ్లు మూసుకున్నారు. చప్పట్లు కొట్టాను. నేను భయపడినట్టే ముందు లేచింది ఆ పాపే.

"కొత్తసారు కడుపులో కప్ప అరిసింది మేడమ్."

పెద్దసారు గోడ వైపు తిరిగారు. నేను నేల చూశాను. అధికారి మాత్రం పగలబడి నవ్వారు.

"నిజమే పాపా. పొద్దన్నించి ఏమీ తిన్లేదు. పద, కప్పకు అన్నం పెడదాం."

పిల్లల వరసలోనే కూర్చుని కోడిగుడ్డు కూర, అన్నం తిన్నారు. పోతూపోతూ, పక్క బళ్లో కూడా ఈ ఆట చెప్పిస్తానన్నారు.

ఆ సంతోషంలో ఉండగానే ఒక పొద్దున పాప వాళ్లమ్మ వచ్చింది.

"మేడమ్, మీకు దండం పెడతా. దాని సెవులు కొంచెం తగ్గించండి."

"ఏమైంది?"

"మా అత్త గురించి మా అక్కతో ఫోన్లో గుసగుసగా సెప్పుకున్నా. ఇది పక్క రూములో పండుకోని, పొల్లు పోకుండా విని, పొద్దున్నే వాళ్లవ్వకు ఒప్పజెప్పింది. ఇప్పుడు మా ఇంట్లో నాతో ఎవురూ మాట్లాడరు."

"మరి చదువెట్లుంది?"

"సదువుకేం మేడమ్, బాగనే ఉండాది. కూకుంటే లెయ్యదు. నా కాపరం సంగతి సూడండి!"

ఆమెను సముదాయించి పంపి, తరగతికి వచ్చి గట్టిగా చెప్పాను. ఇంట్లో విన్నది ఇంట్లోనే ఉండాల, ఒకరి మాట ఇంకొకరికి మోయగూడదు అని. అందరూ బుద్ధిగా తలలూపారు. పాప మాత్రం చెయ్యెత్తింది.

"మరి బళ్లో వినింది ఇంట్లో సెప్పొచ్చునా మేడమ్?"

ఆ పొద్దున బడి వరండాలో నిలబడి ఫోన్లో మా ఆయనతో పెట్టుకున్న గొడవ గుర్తొచ్చింది. గబగబా పలకలు తీయమన్నాను.